ప్రతిదినము ఎత్తుకునే సిలువ

శ్రోతలందరికీ నమస్కారం.

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు. మధ్యలో వచ్చే 6 ఆదివారాలు తీసేస్తే 40. మన క్రైస్తవ ఇళ్లలో వీటినే శ్రమల దినాలంటారు. ఈ రోజుల్లో గుడిలోనూ, ఇంటి కూటాల్లోనూ తప్పకుండా వినబడే వాక్యం ఒకటుంది. లూకా సువార్త 9వ అధ్యాయం 23వ వచనం. యేసును వెంబడించాలనుకునేవాడు తన్ను తాను ఉపేక్షించుకొని "ప్రతిదినము తన సిలువను ఎత్తికొని" రావాలని అందులో ఉంది. ఇదే బోధ మత్తయిలో, మార్కులో కూడా ఉన్నా, 'ప్రతిదినము' అన్న మాట లూకాలో మాత్రమే కనబడుతుంది.

మరి ప్రతిదినం ఎత్తుకోవలసిన ఆ సిలువ ఏది? షుగరు జబ్బు వస్తే "ఇది నా సిలువ" అంటారు. తాగి కొట్టే భర్త దొరికితే "నీ సిలువ, నువ్వే మోయాలమ్మా" అని పెద్దలు చెబుతారు. అప్పులైనా, ఉద్యోగం పోయినా అదే మాట. ఈ బాధలు చిన్నవని ఎవరూ అనలేరు. కానీ యేసు ఆ వాక్యంలో చెప్పింది వీటి గురించి కాదు.

ఆ రోజుల్లో రోమా ప్రభుత్వం సిలువ శిక్ష పడినవాడి భుజం మీద అడ్డదూలం పెట్టి వీధుల్లో నడిపించేది. యేసు మాట విన్నవాళ్లకు ఆ దృశ్యం తెలుసు. సిలువ జబ్బులా దానంతటది వచ్చి మీద పడేది కాదు. యేసు చెప్పింది తన పక్షాన నిలబడినందుకు పడే శిక్ష గురించి. కాబట్టి ఆయన వెంట నడిచినందుకు, ఆయన చెప్పినట్టు ప్రేమించినందుకు, నిజం చెప్పినందుకు మనకు తగిలే నష్టమే మన సిలువ. లంచం ముట్టని గుమాస్తాకు మారుమూల ఊరికి బదిలీ అవుతుంది, అది సిలువ. కట్నం వద్దన్న పెళ్లికొడుకు సొంత ఇంట్లోనే చిన్నచూపు పడతాడు, అదీ సిలువే. క్రైస్తవ ఇళ్లలో కట్నం లేదని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఉంది, బాగానే ఉంది. పొలం గట్టు దగ్గర తగాదాపడి పదేళ్లు మాట్లాడుకోని అన్నదమ్ముల్లో ముందుగా వెళ్లి తలుపు తట్టినవాడు తన పరువు కొంత వదులుకుంటాడు. సిలువ మోయడమంటే ఇలాంటివే.

జబ్బు సంగతి వేరు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ఒక ముల్లు, అంటే వదలని బాధ ఒకటి ఉందని రాశాడు. దాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు ఆ తర్వాతే వచ్చింది. గెత్సేమనే తోటలో యేసు కూడా రాబోయే బాధ అనే ఆ గిన్నె తన దగ్గర నుంచి తొలగించమనే ముందు ప్రార్థించాడు. కాబట్టి బాధ పోవాలని అడగడం అవిశ్వాసం కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లడమూ అవిశ్వాసం కాదు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు చెప్పింది కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని, మందులాగా. ప్రార్థన చేయించుకున్నాం కదా అని ఇన్సులిన్ ఆపేయమని ఎవరైనా చెబితే ఆ సలహాకు లేఖనంలో ఆధారం లేదు. ఆ మాట వినకండి.

ఇంకొక పొరపాటు కూడా ఉంది. నేను బాధపడితే నా పాపానికి వెల చెల్లుతుందని కొందరు అనుకుంటారు. హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం దీనికి తావివ్వదు. ఏటేటా చేసే బలులు పాపాన్ని తీసేయలేకపోయాయి, క్రీస్తు ఒక్కసారే అర్పించిన బలి చాలింది అంటుంది. ఆ బాకీ తీరిపోయింది. విశ్వాసి ఇక చేసేది పొందినవాడి కృతజ్ఞతే. కతోలిక సంప్రదాయంలో రోగి తన బాధను క్రీస్తు బాధతో కలిపి ఇతరుల కోసం అర్పించే అలవాటుంది. కొలొస్సయి పత్రిక 1వ అధ్యాయం 24వ వచనాన్ని వాళ్లు అలా చదువుతారు. 1984లో పోప్ రెండవ జాన్ పాల్ దీని మీద ఒక లేఖ రాశారు. బాధకు విలువుందని చెప్పిన ఆ లేఖే, ముగింపుకు ముందు అధ్యాయమంతా, దారిలో గాయపడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని కథకు ఇచ్చింది. తన బాధను అర్పించవచ్చు, ఎదుటివాడి బాధ దగ్గర మాత్రం ఆగి, గాయం కట్టి, సత్రం ఖర్చు ఇవ్వాలి. ఆ వరుస తప్పకూడదు.

ఇప్పుడు ఇంట్లో హింస గురించి. దీన్ని దాటవేయడానికి వీల్లేదు. దెబ్బలు సహించమని పేతురు రాసిన మాటలు, తప్పించుకునే దారి లేని ఇంటి దాసులను ఉద్దేశించినవి. దారి ఉన్నచోట లేఖనాల్లోని మనుషులు వెళ్లిపోయారు. సౌలు ఈటె విసిరితే దావీదు పారిపోయాడు. దమస్కులో పౌలును శిష్యులు గంపలో పెట్టి గోడ మీద నుంచి కిందికి దించారు. కొరడాతో కొట్టబోతే తాను రోమా పౌరుణ్ణని చట్టాన్ని అడ్డం పెట్టుకున్నాడు. హింసించే ఊరి నుంచి వేరే ఊరికి పారిపొమ్మని శిష్యులకు చెప్పింది యేసే. అందుకని సంఘ పెద్దలకు ఒక మనవి. దెబ్బలు తిన్న ఆడబిడ్డ మీ దగ్గరికి వస్తే భార్యాభర్తలిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయకండి. కొట్టినవాడి ముందు ఆమె నిజం చెప్పలేదు. చెప్పినా ఇంటికెళ్లాక దానికి ఇంకో దెబ్బ పడుతుంది. ఆమెతో విడిగా, ఇంకొక స్త్రీని పక్కన పెట్టుకుని మాట్లాడండి. 181 మహిళల హెల్ప్‌లైన్, ప్రాణాపాయముంటే 112. గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టమే వచ్చింది. క్షమాపణ గురించి ఆమె భద్రంగా ఉన్నాక మాట్లాడవచ్చు.

ఉపవాసం గురించి ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. కతోలికులకు తప్పనిసరి ఉపవాసం ఏడాదిలో రెండు రోజులే, భస్మ బుధవారం, మంచి శుక్రవారం. 18 ఏళ్లు నిండినవారి నుంచి 60వ ఏడు మొదలయ్యేదాకా వర్తిస్తుంది. ఒక పూట కడుపునిండా తినవచ్చు. మిగతా రెండు పూటలూ కొద్దికొద్దిగా, ఆ రెండూ కలిపినా ఒక పూట భోజనానికి మించకుండా. ప్రొటెస్టంట్ సంఘాల్లో ఇలాంటి కొలత లేదు. శుక్రవారాలు ఉండేవారున్నారు, నలభై రోజులూ పగలంతా ఉండేవారున్నారు. మార్చి, ఏప్రిల్ ఎండల్లో నీళ్లు కూడా మానేసి పొలం పనికి వెళితే కళ్లు తిరిగి పడిపోతారు. నీళ్లు మానవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, పిల్లలు ఉపవాసం ఉండనక్కర్లేదు. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు డాక్టరును అడగకుండా పూట మానకూడదు. మందు వేసుకుని తిండి మానేస్తే చెమటలు, వణుకు, మాట తడబడటం వస్తాయి. మనిషి మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే 3 టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఉపవాసం ఉండలేనివారు దానికి బదులు టీ మానవచ్చు, సాయంత్రం ఫోను పక్కన పెట్టవచ్చు.

ఉపవాసం ఎక్కడ చెడుతుందో యెషయా గ్రంథం 58వ అధ్యాయం చెప్పింది. ఉపవాసం ఉన్నరోజే పనివాళ్ల చేత కఠినంగా పని చేయించుకుంటున్నారని ప్రవక్త కోపం. మన ఇళ్లలోనూ అంతే. అమ్మగారు ఉపవాసం ఉంటారు, పనిమనిషికి ఈ నెల జీతం పదో తారీఖు దాటినా ఇవ్వరు. మానేసిన పూట డబ్బు కూడా ఇంట్లోనే ఉండిపోతుంది, లేకపోతే రాత్రి బిర్యానీకి పోతుంది. నలుగురున్న ఇంట్లో పూట ఖర్చు 150 రూపాయలు అనుకోండి. శ్రమల దినాల్లో 7 శుక్రవారాలు వస్తాయి, 1,050 రూపాయలు. ఆ శుక్రవారమే కవరులో వేయాలి. తర్వాత వేద్దామంటే వేయం. ఆ డబ్బు ఎవరి మందులకు ఇవ్వాలో ముందే అనుకుంటే మంచిది.

ఎంత ఇవ్వాలన్నదానికి ధర్మశాస్త్రంలో ఎంత కనికరముందో చూడండి. లేవీయకాండం 5వ అధ్యాయంలో పాపపరిహారార్థ బలికి మామూలుగా గొఱ్ఱె గానీ మేక గానీ తేవాలి. అది లేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. అవీ దొరకకపోతే తూమెడు గోధుమపిండిలో పదోవంతు, అంటే ఇప్పటి కొలతలో సుమారు రెండు లీటర్లు. మరియ, యోసేపులు దేవాలయానికి తెచ్చింది కూడా పేదల అర్పణే, ఆ రెండు పక్షులే. కలిగినదాని కొలది ఇస్తే చాలని పౌలు కొరింథీయులకు రాశాడు. కాబట్టి వడ్డీకి అప్పు తెచ్చి మొక్కుబడి కానుక వేయమని ఎవరు పురికొల్పినా ఒప్పుకోవద్దు. దేవునికి ఇచ్చేశామని చెప్పి అమ్మానాన్నల పోషణ ఎగ్గొట్టేవాళ్లను యేసు మార్కు 7లో గట్టిగా మందలించాడు.

దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య ఈ సంగతి బాగా ఎరిగినవారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే, 1912 డిసెంబరు 29న. ఆయన సంఘంలో ఎక్కువమంది కూలి చేసుకునే పేదలు. చేతిలో డబ్బు ఆడని ఇళ్లలో కూడా వంట చేసేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం అక్కడ అలవాటైంది. ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఎసట్లో పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచే పిడికెడు తీయాలి. పిడికెడంటే 40 నుంచి 50 గ్రాములు. రెండు పూటలా తీస్తే నెలకు రెండున్నర నుంచి మూడు కిలోలు అవుతాయి. మూత ఉన్న పొడి డబ్బాలో పోసి వారం వారం గుడికి తేవాలి, నిలవ ఉంచితే పురుగు పడుతుంది. తినే బియ్యమే తీయాలి. నూకలు, ముక్కిపోయినవి వేరుగా ఏరి తెచ్చేవారికి మలాకీ గ్రంథం మొదటి అధ్యాయం చదివి వినిపించవచ్చు. కుంటి పశువులను బలికి తెచ్చినవాళ్ల సంగతి అందులో ఉంది.

చివరగా, మంచాన పడ్డవాళ్ల సేవ. పక్షవాతం వచ్చిన మామగారిని కోడలు చూసుకుంటుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. దుప్పటి ముడతలు సరిచేయాలి. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. నడుము కింది ఎముక దగ్గర ఎరుపు వచ్చి, వేలితో నొక్కినా తగ్గకపోతే అది పుండుకు మొదలు. ఆ ఎర్రబడ్డచోట రుద్దకూడదు, బరువు పడనివ్వకూడదు, నర్సుకు చూపించాలి. ఇవన్నీ ఆ ఒక్క మనిషి రాత్రీ పగలూ చేస్తుంటే, కొడుకులు సాయంత్రం వచ్చి "ఎలా ఉంది నాన్నా" అని పలకరించి టీవీ ముందు కూర్చుంటారు. సంఘం ఆదివారం ఆమెను త్యాగమూర్తి అని పొగుడుతుంది. పొగడ్తతో ఆమె నిద్ర తీరదు. యేసు సిలువను కొంతదూరం కురేనీయుడైన సీమోను మోశాడు. పౌలు కూడా "ఒకని భారముల నొకడు" భరించమన్నాడు.

అందుకే ముందు కొడుకులు, తర్వాత సంఘం, ఒక కాగితం మీద వారం రోజులకు పేర్లు రాయండి. రోజుకు మూడు గంటలు, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, మనిషిని తిప్పడానికి ఇద్దరేసి. వచ్చేవాళ్లు ఉపన్యాసం చెప్పవద్దు, ఏ పాపానికి ఈ జబ్బు అని అడగవద్దు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడ్డారు. ప్రార్థన చేయమంటారా అని రోగిని అడిగి చేయండి. మొదటి వారం కొత్తవాళ్లు ఆ కోడలి పక్కనే ఉండి ఎలా తిప్పుతుందో, మందులు ఏ వేళకో, గంజి ఎంత పలచగా ఉండాలో నేర్చుకోవాలి. రెండో వారం నుంచి ఆ మూడు గంటలూ ఆమె పడుకోవచ్చు, బజారుకు వెళ్లవచ్చు, పుట్టింటికి ఫోను చేసుకోవచ్చు. శ్రమల దినాలు అయిపోయినా ఆ కాగితం గోడ మీదే ఉంచండి.

నమస్కారం.