ఎండ దెబ్బ ఆవు కణాల్లో ఎలా కనిపిస్తుంది? హెచ్‌ఎస్‌పీ70 కొలిచే పద్ధతి

నమస్కారం. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో తిరుపతి చుట్టుపక్కల ఒకే కొట్టంలో సంకరజాతి జెర్సీ ఆవునూ, పుంగనూరు ఆవునూ పక్కపక్కన కట్టి, రక్తంలోని తెల్లకణాల్లో హెచ్‌ఎస్‌పీ70 (వేడి దెబ్బ నుంచి కణాన్ని కాపాడే ప్రొటీన్) జన్యువు ఎంత పనిచేస్తోందో కొలుద్దాం.

వేడికి కణంలోని ప్రొటీన్లు మడతలు విడిపోయి చెడిపోతాయి. వాటిని పట్టుకుని మళ్లీ సరిగ్గా మడతపడేలా చూసేది హెచ్‌ఎస్‌పీ70. మామూలప్పుడు ఇది హెచ్‌ఎస్‌ఎఫ్1 అనే ప్రొటీన్‌ని అంటిపెట్టుకుని దాన్ని కదలనివ్వదు. చెడిన ప్రొటీన్లు పెరిగితే అటు వెళ్లిపోతుంది. అప్పుడు వదులైన హెచ్‌ఎస్‌ఎఫ్1లు మూడేసి కలిసి, కేంద్రకంలోకి వెళ్లి, హెచ్‌ఎస్‌పీ70 జన్యువునే మేల్కొలుపుతాయి. అక్కడ తయారయ్యే ఎంఆర్‌ఎన్‌ఏనే, అంటే ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి తీసే నకలునే, మనం కొలుస్తాం.

జంతు నైతిక కమిటీ అనుమతి చేతికొచ్చాకే సిరంజి పట్టండి. ఉదయం ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం 2, 3 గంటల మధ్య ఒకసారి నమూనా తీయాలి. రక్తం తీసే ముందే నాలుగు అంకెలు రాసుకోండి. కొట్టంలో ఉష్ణోగ్రత, తేమ. డొక్క కదలికలు చూసి నిమిషానికి ఎన్ని శ్వాసలో. తర్వాత గుద ఉష్ణోగ్రత. థర్మామీటర్ మొన పేడలో గుచ్చుకుంటే అంకె తప్పుతుంది, అది లోపలి గోడకు ఆనాలి. గాలి 38 డిగ్రీలు, తేమ 40 శాతం ఉంటే టీహెచ్‌ఐ (ఉష్ణోగ్రత, తేమ కలిపి లెక్కగట్టే సూచిక) సుమారు 86. పాడి ఆవుకి 72 దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది.

మెడ సిర నుంచి 3 మిల్లీలీటర్లు, ఊదారంగు మూత ఉన్న, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులోకి. ఆకుపచ్చ మూత ట్యూబు వద్దు, అందులోని హెపారిన్ పీసీఆర్‌ని (డీఎన్‌ఏని సైకిల్ సైకిల్‌కీ రెట్టింపు చేసే పద్ధతి, చివర్లో మనం కొలిచేది దీంతోనే) అడ్డుకుంటుంది. ట్యూబుని వెంటనే ఐసు పెట్టెలో పెట్టండి. ఎండలో నిలిపిన జీపులో అరగంట వదిలేస్తే, తెల్లకణాలు ట్యూబులోనే వేడెక్కి హెచ్‌ఎస్‌పీ70 తయారుచేయడం మొదలుపెడతాయి. అప్పుడు మీరు కొలిచేది జీపు వేడిని, ఆవు వేడిని కాదు.

ల్యాబులో రక్తానికి మూడింతలు ఆర్‌బీసీ లైసిస్ బఫర్ (ఎర్రకణాల్ని పగలగొట్టే ద్రావణం) కలిపి, ఐసు మీద 10 నిమిషాలు ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో 500 జీ (భూమ్యాకర్షణకు 500 రెట్ల బలం) దగ్గర 10 నిమిషాలు తిప్పండి. అడుగున తెల్లగా గుళిక మిగలాలి. ఎర్రగా ఉంటే ఇంకోసారి చేయండి. దానికి 1 మిల్లీలీటర్ ట్రైజాల్, కణాల్ని కరిగించి ఆర్‌ఎన్‌ఏని విడదీసే ద్రావణం. ఇందులో ఫినాల్ ఉంటుంది, గ్లౌజులు వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లోనే పనిచేయండి. 200 మైక్రోలీటర్ల క్లోరోఫామ్ కలిపి, 4 డిగ్రీల దగ్గర 12,000 జీలో 15 నిమిషాలు తిప్పితే మూడు పొరలు విడతాయి. పైన నీళ్లలా ఉన్న పొర మాత్రమే తీయండి, ఆర్‌ఎన్‌ఏ ఉండేది అందులోనే. ఆశపడి మధ్యలోని తెల్లపొర దాకా పిపెట్ దించితే డీఎన్‌ఏ వచ్చేస్తుంది. తర్వాత 500 మైక్రోలీటర్ల ఐసోప్రొపనాల్, 75 శాతం ఇథనాల్‌తో కడుగు, 30 మైక్రోలీటర్ల నీళ్లలో కరిగించడం. ఆర్‌ఎన్‌ఏ శుద్ధిని చెప్పే 260/280 నిష్పత్తి (260, 280 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో ఆ పోలిక) 2.0 దగ్గర ఉండాలి.

ఇక ఎక్కువమంది బోల్తాపడే చోటు ఇదే. మామూలుగా ప్రైమర్లను (ఏ భాగాన్ని పెంచాలో పీసీఆర్‌కి చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రెండు ఎక్సాన్ల (ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలే జన్యుభాగాలు) మీదుగా వేసి డీఎన్‌ఏ కల్తీని తప్పించుకుంటాం. ఆవులో వేడికి పెరిగే ఈ హెచ్‌ఎస్‌పీ70 జన్యువుకి ఇంట్రాన్లే (ఎక్సాన్ల మధ్య ఉండి ఎంఆర్‌ఎన్‌ఏలో తీసేయబడే భాగాలు) లేవు. కాబట్టి డీఎన్‌ఏ మిగిలినా అదే సైజు బ్యాండు వస్తుంది, మెల్ట్ కర్వు (పీసీఆర్‌లో ఒకే రకం ముక్క తయారైందో లేదో చూపే గీత) కూడా చక్కగా ఒకే శిఖరంతో మోసం చేస్తుంది. డీఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైము డీఎన్‌ఏజ్ తప్పనిసరి. ఆ తర్వాత రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైముతో ఆర్‌ఎన్‌ఏని సీడీఎన్‌ఏ అనే డీఎన్‌ఏ నకలుగా మారుస్తాం, పీసీఆర్‌లో వేసేది దాన్నే. ప్రతి నమూనాకీ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని ట్యూబు ఒకటి పెట్టండి. అసలు నమూనాకీ దానికీ కనీసం 7 సైకిళ్ల తేడా ఉంటే కల్తీ ఒక శాతం లోపే.

20 మైక్రోలీటర్ల రియాక్షన్‌కి, మైక్రోలీటర్లలో: సైబర్ మిక్స్ (డీఎన్‌ఏకి అంటి మెరిసే రంగు ఉన్న పీసీఆర్ మిశ్రమం) 10, ప్రైమర్లు 10 మైక్రోమోలార్‌వి అరేసి, ఐదింతలు పలుచన చేసిన సీడీఎన్‌ఏ 2, నీళ్లు 7. 40 సైకిళ్లు. పోలిక కోసం, నిలకడగా పనిచేస్తుందని అందరూ వాడే జీఏపీడీహెచ్ జన్యువు ఒక్కదాన్నే నమ్మకండి, వేడికి అదీ మారొచ్చు. రెండు, మూడు జన్యువులు పరీక్షించి నిలకడగా ఉన్నవి తీసుకోండి.

లెక్క చూద్దాం. సీటీ అంటే మెరుపు కనిపించడానికి పట్టిన సైకిళ్లు, తక్కువైతే ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కువున్నట్టు. ఉదయం హెచ్‌ఎస్‌పీ70 సీటీ 26, పోలిక జన్యువుది 18, తేడా 8. మధ్యాహ్నం 23.5, 18, తేడా 5.5. రెండు తేడాల మధ్య 2.5. రెండుని 2.5 ఘాతానికి పెంచితే 5.7 రెట్లు. ఇది జెర్సీది అనుకుందాం. పుంగనూరులో 2 రెట్లే వచ్చిందనుకోండి, దాని జన్యువు బలహీనమనేయకండి. రాసుకున్న గుద ఉష్ణోగ్రత చూడండి. 38.6 దాటకపోతే అసలు వేడి కణాల దాకా చేరలేదు. పుంగనూరుది చిన్న ఒళ్లు, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, వేడి త్వరగా బయటికి పోతుంది. వెంట్రుకల సంగతీ తక్కువది కాదు. సెనెపోల్ జాతి ఆవుల్లో ప్రొలాక్టిన్ రిసెప్టర్ జన్యువులో ఒక్క అక్షరం పోవడంవల్లే వెంట్రుకలు పొట్టిగా ఉంటాయని 2014లో తేలింది. పాల హార్మోన్‌గా పేరుపడ్డదానికి ఒంటి వేడితోనూ సంబంధం ఉందని అలా బయటపడింది.

మరి కణాల స్పందనలోనే తేడా ఉందా? రెండు ఆవుల తెల్లకణాల్నీ ల్యాబులో పెంచి, 42 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి పోల్చండి. కంట్రోల్ ట్యూబుని అలవాటుకొద్దీ 37లో పెట్టకండి, 38.5లో పెట్టండి. అదీ ఆవు ఒంటి మామూలు వేడి.