ముందున్న సున్నా ఎక్కడికి పోయింది? మూడు స్ప్రెడ్‌షీట్ల రివ్యూ

నమస్కారం. ఈ రోజు పరీక్షకు ఒకే సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ పట్టిక), మూడు ప్రోగ్రాములు: ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్ కాల్క్. ఫైల్లో ఉన్నవి న్యూజెర్సీలోని ఎడిసన్ చిరునామాలు. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే ఊరే. జిప్ కోడ్, అంటే అమెరికా పిన్ కోడ్, 08817. ఫైలు తెరిచాక ముందున్న ఆ సున్నా మిగులుతుందా అన్నదే పరీక్ష. మన పిన్ కోడ్‌లు సున్నాతో మొదలవవు కాబట్టి ఈ తలనొప్పి మనకు అంతగా తెలియదు. బ్యాంకు ఖాతా నంబర్లు ఎక్కించేవాళ్లను అడగండి, చెబుతారు.

ముందు ఎక్సెల్. డబుల్ క్లిక్ చేశాను. చూడండి, 8817! అడగలేదు, చెప్పలేదు, సున్నాను మింగేసింది. సరే, అందరూ చెప్పే చిట్కా చేద్దాం: ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్, అక్కడ ఐదు సున్నాలు. గడిలో 08817 వచ్చేసింది. సంబరపడకండి, పైన ఫార్ములా బార్ చూడండి. అక్కడ ఇంకా 8817 అనే ఉంది. అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఫార్ములా వేస్తే 4 అంటోంది. అంటే ఇది పైపూత. పక్క షీటులో టెక్స్ట్‌గా ఉన్న 08817ను వీలుకప్ అనే వెతుకులాట ఫార్ములాతో వెతికితే దొరకదు. టెక్స్ట్ ఫార్ములా అయితే సున్నాను నిజంగానే చేరుస్తుంది. కానీ అన్ని కోడ్‌లకూ ఒకే పొడవు ఉంటేనే అది పనికొస్తుంది. ఖాతా నంబర్లలో ఎన్ని సున్నాలు పోయాయో ఏ ఫార్ములా చెబుతుంది? పైగా 15 అంకెలు దాటితే మిగతావన్నీ సున్నాలైపోతాయి. ఉండాల్సినవి తీసేసి, లేనివి పెట్టడం!

2023లో మైక్రోసాఫ్ట్ ఒక సెట్టింగ్ ఇచ్చింది. ఫైల్, ఆప్షన్స్, డేటా. అక్కడ ముందు సున్నాలను తొలగించే టిక్కు తీసేయండి. మంచిదే, కానీ ఇన్నేళ్లు పట్టాలా?

గూగుల్ షీట్స్‌లో దిగుమతి చేసేటప్పుడే టెక్స్ట్‌ను సంఖ్యలుగా మార్చే టిక్కు కనిపిస్తుంది. తీసేస్తే చాలు. లిబ్రేఆఫీస్ కాల్క్ ఫైలు తెరవకముందే ఒక కిటికీ చూపిస్తుంది. కాలమ్ మీద నొక్కి టెక్స్ట్ ఎంచుకోవాలి. చూడ్డానికి పాతకాలం కిటికీయే, అయినా నా ఓటు దీనికే. తలుపు దగ్గరే అడుగుతుంది.

కోడ్ రాసేవాళ్లకు ఒక మాట. పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో ఫైలు చదివేటప్పుడే ఆ కాలమ్‌ను స్ట్రింగ్‌గా, అంటే టెక్స్ట్‌గా, చెప్పండి. ముందు సున్నాలు నింపడానికి వాడే పైథాన్ జెడ్‌ఫిల్, జావాస్క్రిప్ట్ ప్యాడ్‌స్టార్ట్ ఒకటే అనుకుంటారు. -42ను ఐదు స్థానాలకు సున్నాలతో నింపి చూడండి: మొదటిది -0042 ఇస్తుంది, రెండోది 00-42.