కొలిమిలో నల్లబడే ఊదారంగు పొడి

శ్రోతలకు నమస్కారం.

2025లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీలకు వచ్చింది. లోహ అయాన్లను కర్బన అణువులతో జతచేసి, లోపలంతా ఖాళీ గదులుండే స్ఫటికాలు కట్టినందుకు. వీటిని మాఫ్‌లు అంటారు. ఆ గదుల్లో వాయువులు నింపవచ్చు, ఎడారి గాలిలోంచి నీళ్లు పట్టవచ్చు. ఆ సంగతులు అలా ఉంచి, ఇంత అందమైన స్ఫటికాన్ని కావాలని కొలిమిలో పెడితే ఏమవుతుందో చెబుతాను.

జిఫ్-67 అనే మాఫ్‌ను తీసుకుందాం. కోబాల్ట్ లోహపు లవణాన్నీ మిథైల్ ఇమిడజోల్ అనే కర్బన అణువునీ మిథనాల్‌లో కలిపితే చాలు, వేడి కూడా అక్కర్లేకుండా ఊదారంగు పొడి అడుగున చేరుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక్కో రేణువుకూ చెక్కినట్టు 12 ముఖాలు. ఈ పొడిని చిన్న పింగాణీ తొట్టిలో పోసి, గొట్టపు ఫర్నేస్‌లోకి తోసి, నైట్రోజన్ వాయువు పంపుతూ వేడిచేస్తారు. గాలి తగిలితే కర్బనమంతా కాలిపోయి కోబాల్ట్ ఆక్సైడే మిగులుతుంది. మట్టి కప్పిన బట్టీలో కట్టె బూడిద కాకుండా బొగ్గయ్యేదీ ఇందుకే.

వేడి పెరిగేకొద్దీ కోబాల్ట్‌కూ మిథైల్ ఇమిడజోల్‌లోని నైట్రోజన్‌కూ మధ్య బంధాలు తెగుతాయి. విడిపడిన కోబాల్ట్ పరమాణువులు ఊరుకోవు, ఒకచోట చేరి నానోమీటర్ల కణాలుగా ముద్దకడతాయి. చుట్టూ ఉన్న కర్బనాన్ని ఆ కణాలే గ్రాఫైట్ పొరలుగా పేరుస్తాయి. హైడ్రోజన్ కూడా కలిపి వేడిచేస్తే రేణువు ఒంటినిండా కర్బన నానోగొట్టాలు మొలుస్తాయి. పొడి నల్లబడుతుంది, కాస్త కుంచించుకుపోతుంది.

ఈ నల్లపొడిని ఉత్ప్రేరకంగా, అంటే తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగంగా నడిపే పదార్థంగా వాడతారు. కానీ ఆ పని చేసేది కణం పైనున్న పరమాణువులే. ముద్ద లోపల చిక్కుకున్న కోబాల్ట్ వృథా. 2016లో చైనా శాస్త్రవేత్తలు దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు ఎంతో ఇష్టం. స్ఫటికం కట్టేటప్పుడే కోబాల్ట్ పక్కన జింక్‌ను కూర్చోబెట్టారు. రెండూ ఒకే చోట ఇమిడిపోతాయి కాబట్టి స్ఫటికం చెడదు. జింక్ మరిగేది 907 డిగ్రీల దగ్గర. 800 దాటేసరికే అది ఆవిరై వెళ్లిపోవడం మొదలుపెడుతుంది, ఖాళీచేసిన చోటల్లా రంధ్రాలు వదులుతుంది. అప్పటిదాకా మధ్యలో జింక్ అడ్డుండటంతో కోబాల్ట్ పరమాణువులు ఒకదాన్నొకటి చేరుకోలేవు. చుట్టూ ఉన్న నైట్రోజన్‌ను పట్టుకుని విడివిడిగా నిలిచిపోతాయి.

హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో కరెంటు పుట్టించే ఇంధన సెల్‌లో ఆక్సిజన్ చర్య నడపడానికి ఖరీదైన ప్లాటినం వాడతారు. క్షార ద్రావణంలో జరిపిన పరీక్షలో ఈ నల్లపొడి ఆ ప్లాటినం ఉత్ప్రేరకాన్నే మించింది. కానీ హైడ్రోజన్ కార్ల సెల్స్‌లో ఉండేది ఆమ్ల వాతావరణం. అక్కడ ఇలాంటి ఉత్ప్రేరకాలు ఎక్కువకాలం నిలవడంలేదు. పరిశోధకులు ఇప్పుడు కుస్తీ పడుతున్నది దానితోనే.