పన్నెండేళ్లయినా ఎందుకు ఎదగలేదు? ఒక సహోదరి ప్రశ్నకు జవాబు

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ వందనాలు. చిత్తూరు నుంచి మాట్లాడుతున్నాను.

పాకాల దగ్గరి ఒక పల్లె నుంచి పోయిన వారం ఒక సహోదరి పెద్ద సందేశం పంపారు. ఆమె బాప్తిస్మం తీసుకుని పన్నెండేళ్లయింది. ఆదివారం ఆరాధన మానరు. చుట్టుపక్కల ఉజ్జీవ కూటాలు, అంటే విశ్వాసాన్ని రగిలించే ప్రత్యేక ప్రార్థన సభలు, ఎక్కడ జరిగినా వెళ్తారు, కన్నీళ్లతో ప్రార్థిస్తారు. ఇంటికి వచ్చిన మూడో రోజుకే మళ్లీ అదే కోపం, అదే భయం. ఒకే ఇంట్లో ఉంటూ తోటికోడలితో రెండేళ్లుగా మాటలు లేవు. "అన్నా, అసలు నేను రక్షణ పొందానా లేదా అని కూడా అనుమానం వస్తోంది. నేనెందుకు ఎదగడం లేదు?" అని అడిగారు.

చెల్లెమ్మా, మీ సందేశం మూడుసార్లు చదివాను. మొదట ఆ అనుమానం గురించి ఒక్క మాట. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. మీ కోపాన్ని చూసి దేవుడు ఆ వరాన్ని వెనక్కి తీసుకోలేదు. ఈ రోజు నేను చెప్పబోయే దేనినీ రక్షణ సంపాదించుకునే మార్గంగా వినకండి. బిడ్డ పుట్టింది. ఆ బిడ్డ ఎలా పెరుగుతుందన్నదే మన మాట.

కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలో, మూడో అధ్యాయంలో, "పాలతోనే మిమ్మును పెంచితిని గాని అన్నముతో మిమ్మును పెంచలేదు" అనే మాట ఉంది. తెలుగు బైబిలులో 'అన్నము' అన్న ఆ పదం నాకు ఎంతో ఇష్టం. మన ఇళ్లలో బిడ్డ నోటికి మొదటి ముద్ద తగిలించే రోజు ఎంత సంబరమో మీకు తెలుసు. ఆ రోజు రాకుండా అయిదేళ్ల పిల్లవాడు ఇంకా పాల సీసాతోనే తిరుగుతుంటే తల్లి కంగారు పడుతుంది. కొరింథువారిని చూసి పౌలు పడిన కంగారు అదే. వాళ్లకు వరాలకు కొదువ లేదు. భాషలు మాట్లాడారు, ప్రవచించారు. అయినా అసూయ, కలహం పోలేదు. కూటంలో కలిగే ఉద్రేకాన్ని ఎదుగుదల అనుకునే పొరపాటు మనతో మొదలైంది కాదు.

మరి ఎదిగినవారు ఎవరు? హెబ్రీ పత్రిక అయిదో అధ్యాయం చివరి వచనం చెబుతుంది. "వయస్సు వచ్చినవారు అభ్యాసముచేత మేలు కీడులను వివేచించుటకు సాధకము చేయబడిన జ్ఞానేంద్రియములు కలిగియున్నారు" అని. తన శిష్యుడు తిమోతికి పౌలు కూడా అదే మాట రాశాడు: "దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము." గ్రీకు మూలంలో ఆ క్రియ 'గుమ్నాజో'. వ్యాయామశాలలో రోజూ శరీరాన్ని తీర్చిదిద్దుకునే వారి మాట అది. దాన్ని తెలుగులోకి తెచ్చినవారు 'సాధకము' అన్నారు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఏళ్ల తరబడి నాయకత్వం వహించిన జేకబ్ చాంబర్లిన్ 1863లో మన మదనపల్లెకు వచ్చిన మిషనరీ, వైద్యుడు. 1908లో అక్కడే కన్నుమూశారు. తెలుగు బైబిలులో ఒక్కొక్క మాట కోసం అలా ఎందరో ఏళ్లకు ఏళ్లు కూర్చున్నారు. వాళ్లు కూర్చి పెట్టిన మాటను మనం గబగబా చదివి దాటిపోతున్నాం.

ఆ మాట బరువు నాకు తెలిసింది బైబిలు తరగతిలో కాదు, తిరుపతిలో. విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో కపిలతీర్థం వైపు ఒక వీధిలో చిన్న గది అద్దెకు తీసుకున్నాను. పక్క ఇంట్లో నాదస్వరం వాయించే ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన కొడుక్కి పన్నెండేళ్లు ఉంటాయేమో. తెల్లవారకముందే ఆ పిల్లవాడు మొదలుపెట్టేవాడు. సరళీ వరుసలు, సంగీతం నేర్చుకునేవారి తొలి పాఠాలు. స రి గ మ ప ద ని స. మాయామాళవగౌళ రాగంలో, మొదట నిదానంగా, తర్వాత వేగం పెంచి రెండో కాలంలో, ఆపైన ఇంకా వేగంగా మూడో కాలంలో. నెలల తరబడి అదే. పరీక్షలు దగ్గర పడ్డ రోజుల్లో ఓర్చుకోలేక ఒక ఉదయం వెళ్లి, "అయ్యా, వీడికి ఒక కీర్తన నేర్పించకూడదా?" అని అడిగాను. ఆయన కోప్పడలేదు. "బాబూ, ఊరేగింపులో నడుస్తూ వాయించాలి. చుట్టూ జనం, ఎండ, పక్కనే డోలు మోత. అప్పుడు వేలు ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తే స్వరం దాటిపోతుంది. ఆ ఆలోచన ఇంట్లోనే అయిపోవాలి. అందుకే సాధకం" అన్నారు.

సాధకం! గదికి వచ్చి బైబిలు తెరిచాను. చిన్నప్పటి నుంచి విన్న వచనంలో ఆ మాట ఉంది. ఆయన మతం వేరు, నా విశ్వాసం వేరు. తిమోతి పత్రికలోని ఒక మాటకు అర్థం మాత్రం ఆయన గుమ్మం ముందు నిలబడి నేర్చుకున్నాను. అందుకు ఈ రోజుకీ ఆయనకు రుణపడి ఉన్నాను.

ఇప్పుడు ప్రభువును చూడండి. లూకా సువార్త నాలుగో అధ్యాయంలో ఆయన నజరేతుకు వచ్చి, "తన వాడుక చొప్పున" విశ్రాంతిదినాన సమాజమందిరానికి వెళ్లాడు. మార్కు మొదటి అధ్యాయంలో, సాయంకాలం ఊరంతా తలుపు దగ్గర చేరితే రోగులను బాగుచేసి, మర్నాడు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశంలో ప్రార్థన చేశాడు. అలసిపోయిన మనిషి కదా, ఆ ఒక్క రోజు పడుకుని ఉంటే ఎవరు తప్పు పడతారు? ఇక లూకా ఇరవై రెండో అధ్యాయం. ఆయన్ని అప్పగించబోయే రాత్రి. అక్కడా అవే మూడు మాటలు: "తన వాడుక చొప్పున" ఒలీవల కొండకు వెళ్లాడు. చెమట రక్తబిందువుల్లా కారిన ఆ రాత్రి కోసం ఆయన కొత్త చోటు వెతకలేదు. ఎన్ని రాత్రులు మోకరించాడో ఆ చోటే మోకరించాడు. "నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించును గాక" అన్న ప్రార్థన ఆ రాత్రే మొదటిసారి నేర్చుకున్నది కాదని నేను నమ్ముతాను. ఈ వచనం దగ్గరికి వచ్చినప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది. దేవుని కుమారుడికే వాడుక అవసరమైతే, నాకు అక్కర్లేదని ఏ ధైర్యంతో అనుకున్నాను?

అనుకున్నాను కాబట్టే చెబుతున్నాను. 2025 మామిడి కాలాన్ని మన జిల్లాలో ఎవరూ మరచిపోరు. తోతాపురి ధర పడిపోయింది. కిలోకు 12 రూపాయలు, అందులో పరిశ్రమ 8, ప్రభుత్వం 4 ఇస్తుందని ప్రకటించారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు మాత్రం ట్రాక్టర్లు బారులు తీరి కదలకుండా నిలబడ్డాయి. మాకు బంగారుపాళెం దగ్గర మూడెకరాల తోట ఉంది. నేనూ వరుసలో ఉన్నాను. రెండో రాత్రి ఒక కుర్రాడు వెనక నుంచి ట్రాక్టరు తెచ్చి నా ముందు పెట్టబోయాడు. పద్దెనిమిదేళ్లు ఉంటాయి వాడికి. నోట రాకూడని మాట అన్నాను, వాడి తల్లిని కలిపి. ఆ ముందు ఆదివారమే సంఘంలో సహనం గురించి వాక్యం చెప్పినవాడిని నేను.

మా ముందు నాలుగో బండి మా సంఘంలోని ఒక పెద్దాయనది. తెల్లవారుజామున ఇంకెవరో బండి వెనక్కి తీస్తూ ఆయన ట్రాలీని గుద్దారు. వెనక తలుపు ఊడి కాయలన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఆ కాయల ధర ఎంత తగ్గినా అది ఆయన ఏడాది కష్టం. ఆయన కిందికి దిగి, కాయల వైపు చూడకుండా ఆ డ్రైవరు దగ్గరికి వెళ్లి, "నాయనా, నీకేమైనా తగిలిందా?" అన్నారు. ఆలోచించి అన్న మాట కాదు. ఆలోచించే వ్యవధి లేదు. నాదస్వరం పెద్దాయన చెప్పిన వేలు అది, తానే వెళ్లి స్వరం మీద పడింది. నా వేలూ అలాగే తానే వెళ్లింది, కానీ నేను సాధకం చేసిన చోటికి వెళ్లింది. ఏళ్ల తరబడి నేను రోజూ సాధన చేసింది కోపాన్నే.

కాయలు ఏరుతూ, ఆ మాట నోటికి ఎలా వచ్చిందని ఆయన్ని అడిగాను. చెప్పడానికి మొహమాటపడ్డారు. ఆయన బడికి వెళ్లలేదు, పెద్దయ్యాక బైబిలు పట్టుకునే అక్షరాలు నేర్చుకున్నారు. భార్య పోయిన తర్వాత, రోజూ పాలు పితికి కేంద్రంలో పోసి వచ్చి, పశువుల కొట్టంలోనే కూర్చుని అయిదు కీర్తనలు చదువుతారట. నూట యాభై కీర్తనలు నెలకు ఒకసారి పూర్తవుతాయి. మళ్లీ ఒకటో కీర్తన. ఎన్నిసార్లయిందో లెక్క పెట్టుకోలేదన్నారు. ఆయన మా సంఘంలో ఎప్పుడూ వేదిక ఎక్కలేదు. ఎవరూ ఎక్కమనలేదు కూడా.

ఉపవాసం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో నా పాపం ఇంకొకటి ఉంది. మాది శుక్రవారం ఉపవాస ప్రార్థన చేసే ఇల్లు. అదే వేసవిలో డబ్బు చేతికి రాలేదని కోత కూలీలకు మూడు వారాలు కూలి ఆపాను. నేను ఉపవాసం ఉన్న శుక్రవారాల్లో వాళ్ల పిల్లలు తిన్నారో లేదో నేను అడగలేదు. ఒక శుక్రవారం యెషయా యాభై ఎనిమిదో అధ్యాయం చదువుతుంటే, "మీ పనివారిచేత కఠినమైన పని చేయించుదురు" అన్న వచనం దగ్గర ఆగిపోయాను. ఆకలిగొన్నవారికి నీ ఆహారం పెట్టడమే నాకు ఇష్టమైన ఉపవాసం అంటున్నాడు దేవుడు. ఆ సాయంత్రమే అప్పు తెచ్చి కూలి ఇచ్చాను, క్షమించమని అడిగాను. ఒకామె ఏడ్చింది. ఆమె కన్నీళ్లకు కారణం నేనే అన్నది నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది. కడుపు మాడ్చుకుని పొరుగువాడిని మరచిపోతే అది ఉపవాసం కాదు. ప్రభువు చెప్పిన ఉపమానంలో, దేవాలయంలో నిలబడి "వారానికి రెండు మార్లు ఉపవాసం చేస్తున్నాను" అని లెక్క చెప్పిన పరిసయ్యుడూ సాధకం చేసినవాడే. చేసింది మాత్రం తనను తాను చూసుకోవడం.

కానుక, మౌనం, సంఘ సహవాసం, ప్రభురాత్రి భోజనానికి ముందు తనను తాను పరీక్షించుకోవడం, ఇవన్నీ సాధకాలే. ఒక్కొక్కదాని గురించి విడిగా మాట్లాడుకుందాం. పొడి రోజుల సంగతి మాత్రం ఇప్పుడే చెప్పాలి. చాలా ఉదయాలు నాకు ఏమీ అనిపించదు. వచనాలు కంటి ముందు నుంచి వెళ్లిపోతాయి, ప్రార్థన నోట్లోనే ఆగిపోతుంది. అలాంటి రోజు లేచిపోవద్దు. పక్క ఇంటి పిల్లవాడికి సరళీ వరుసల్లో ఏ సంగీతం వినిపించి ఉంటుంది? అయినా వాయించాడు. మొలక ఎలా పెరుగుతుందో విత్తినవాడికి తెలియదని మార్కు నాలుగో అధ్యాయంలో ప్రభువే చెప్పాడు. పెంచేది దేవుడు. మనం చేసేది ఆయన ముందు కూర్చోవడం.

చెల్లెమ్మా, ఇప్పుడు మీకు. కొందరు సేవకులకు నచ్చకపోవచ్చు గానీ, నా మాట వినండి. ఈ నెల ఉజ్జీవ కూటాలకు వెళ్లకండి. ఆదివారం ఆరాధన చాలు. ప్రయాణానికి, కూటానికి పోయే ఆ గంటలను ముక్కలు చేసి రోజుకు ఇరవై నిమిషాలుగా పంచుకోండి. ఇంట్లో గది లేకపోతే పెరట్లో కూర్చోండి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని ప్రభువు అన్నది మనుషుల చూపుకు దూరంగా ఉండమనే. ఫోను లోపల పెట్టండి. ఒక్క కీర్తన బయటికి వినిపించేలా చదవండి. ఆపైన కొంతసేపు ఏమీ అడగకుండా ఊరికే కూర్చోండి.

ఇంకొకటి ఉంది, ఇది కష్టం. మీ తోటికోడలు. బలిపీఠం దగ్గర కానుక విడిచిపెట్టి మొదట నీ సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు. రెండేళ్ల మౌనాన్ని ఒక్క రోజులో విప్పలేరు, నాకు తెలుసు. రేపు ఉదయం ఆమె ఎదురుపడినప్పుడు "కాఫీ తాగావా?" అని అడగండి. జవాబు రాకపోవచ్చు. ఎల్లుండి మళ్లీ అడగండి. అది మీ సరళీ వరుస.

మొదటి వారం నూట ముప్పై ఒకటో కీర్తన చదవండి. మూడే వచనాలు. అందులో దావీదు తన ప్రాణాన్ని చనుపాలు విడిచిన పిల్లతో పోల్చాడు. పాలకోసం ఏడ్చే పసిబిడ్డ కాదు, పాలు మానిన పిల్ల. అన్నం తినే వయసు వచ్చింది, తల్లి దగ్గర ఇక పాలు దొరకవని తెలుసు. అయినా వచ్చి తల్లి ఒడిలోనే కూర్చుంటుంది, ఏమీ అడగకుండా, తల్లి అక్కడ ఉందని. నేను కూడా రేపు ఉదయం అయిదున్నరకు ఆ కీర్తనే తెరుస్తాను. చదివేటప్పుడు మీ పేరు, మీ తోటికోడలి పేరు కలిపి ప్రార్థిస్తాను. నెల తర్వాత ఎలా ఉందో రాయండి. కాఫీ సంగతి కూడా రాయండి.