కీలో లేని జవాబు
(పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, పాతపట్నం నుంచి వానలో తడుస్తూ వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు, పిల్లలకు నమస్కారం. పిల్లలు బహుమతుల కోసం ఎదురుచూస్తున్నారు. అందుకని పేర్లన్నీ చదవడం లేదు, పెద్దలు మన్నించాలి.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారిని తలుచుకోవడం మన ఆనవాయితీ. 1880లో ఈ ఊరి రాజావారి బడిలోనే ఆయన పంతులుగా చేరారు. సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు తయారు చేశారు. వాడుక భాష అనగానే మనకు పత్రికలు, సాహిత్యం గుర్తొస్తాయి. కానీ ఆ పోరాటంలో పరీక్ష పేపరు కూడా ఉంది. స్కూలు ఫైనల్లో తెలుగు వ్యాసాన్ని వాడుక భాషలోనూ రాయవచ్చునని 1912-13లో వెసులుబాటు వస్తే పండితులు మండిపడ్డారు. పిల్లవాడు తనకు తెలిసిన మాటతో జవాబు రాస్తే మార్కు ఇవ్వాలా వద్దా అన్నదే అప్పటి తగవు. పిల్లవాడు తనకు తోచిన ఆలోచనతో జవాబు రాస్తే మార్కు ఇవ్వాలా వద్దా అన్నది నేటి తగవు. ఇది ఇంకా తేలలేదు.

నేను సైన్సు చెప్పినవాణ్ణి. మహేంద్రగిరి వైపు కొండ ఊరి నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి చదువుకున్న ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఉమ్మడి పరీక్షలో ఒక ఖాళీ పూరించమన్నారు: ‘నీరు ...... డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది.’ ఆ గీత మీద చోటు చాలక, పక్క అంచులో చిన్న అక్షరాలతో ఆ పిల్ల ఇలా రాసింది: ‘ఇక్కడ 100. మా ఊళ్లో అంతకంటే తక్కువ. అందుకే మాకు పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది.’ దాని మీద అడ్డంగా ఎర్రగీత, పక్కన సున్నా.

ఆ జవాబులో తప్పేముంది? పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీరు తక్కువ వేడికే మరుగుతుంది. మహేంద్రగిరి శిఖరం సుమారు 1500 మీటర్ల ఎత్తు. అక్కడ నీరు దాదాపు 95 డిగ్రీలకే మరుగుతుంది. మరిగే నీటికి అంత వేడి లేదు కాబట్టే పప్పు త్వరగా ఉడకదు. పాఠంలోని ఒత్తిడిని ఇంట్లోని పప్పు కుండతో కలిపి చూసిందా పిల్ల. సైన్సు టీచరుకు ఇంతకంటే ఏం కావాలి? ‘సముద్ర మట్టం వద్ద’ అన్న రెండు మాటలు ప్రశ్నలో లేవు. ఆ లోటును ప్రశ్న రాసినవాళ్లు చూడలేదు, అమ్మాయి చూసింది. నేను వెళ్లి అడిగితే, దిద్దినాయన అన్న మాట ఒక్కటే: ‘కీలో 100 అనే ఉంది మాస్టారూ!’

తర్వాతి పరీక్షల్లో ఆ పిల్ల అంచుల్లో ఏమీ రాయలేదు. గైడులో ఉన్నది ఉన్నట్టు రాసింది, మార్కులు బాగా వచ్చాయి. ఇంటివాళ్లు సంతోషించారు. నాకు మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది.

పిల్లల్ని ఇలా ఎంత దూరం తీసుకెళ్లవచ్చో ఫ్రాన్సులో తేలింది. ‘ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?’ అని 1980 ప్రాంతంలో 97 మంది చిన్న పిల్లలను అడిగారు. 76 మంది ఆ అంకెలతోనే ఏదో లెక్క కట్టి వయసు చెప్పారు. తెలివి లేక కాదు. ‘ఈ ప్రశ్నకు జవాబు లేదు’ అనే హక్కు తమకుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మీ జేబుల్లో ఒకే రకం నాణేలు రెండుంటే తీయండి. తీయండి, మొహమాటం వద్దు. ఒకదాన్ని కదలకుండా పట్టుకుని, రెండోదాన్ని దాని అంచు వెంట జారకుండా దొర్లించండి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి అది తన చుట్టూ తాను ఎన్నిసార్లు తిరిగింది? ఒకసారి అనుకుంటాం. చూడండి, రెండుసార్లు! అంచు పొడవుకు ఒకసారి, చుట్టి వచ్చినందుకు మరోసారి. 1982లో అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు జరిపే శాట్ పరీక్షలో ఈ లెక్కే ఇచ్చారు. పెద్ద వృత్తం చుట్టూ చిన్న వృత్తం దొర్లితే ఎన్నిసార్లు తిరుగుతుందని ప్రశ్న. చిన్నదాని వ్యాసార్థం పెద్దదానిలో మూడోవంతు. పరీక్ష పెట్టినవాళ్లు 3 సరైనదనుకున్నారు. నిజానికి 4 రావాలి, కానీ ఇచ్చిన అయిదు జవాబుల్లో 4 లేనే లేదు. సుమారు మూడు లక్షల మంది రాస్తే, ప్రశ్నే తప్పని ఉత్తరం రాసినవాళ్లు ముగ్గురు. వాళ్ల మాట విన్నారు, ప్రశ్న తీసేశారు, అందరి మార్కులూ మళ్లీ లెక్కగట్టారు. అంత పెద్ద పరీక్షకు లేని భేషజం మన యూనిట్ టెస్టుకు ఎందుకు?

బహువిధ ఎంపిక ప్రశ్నలు వద్దని నేను అనడం లేదు. వందల పేపర్లు దిద్దే టీచరు కష్టం నాకు తెలుసు. ప్రశ్న అచ్చుకు వెళ్లే ముందు, కీ చూడని మరొకరి చేత రాయించండి. ‘ఎందుకు?’ అని ఒక గీత వదలండి.

అసలు సంగతి చెబుతాను. ఈ ఉదయం ఈ హాలులోనే పిల్లలకు క్విజ్ పెట్టారు. ఆ పేపర్లు నేను తిరగేశాను. ‘భిన్నమైనదాన్ని గుర్తించండి: కాకి, పిచ్చుక, గబ్బిలం, కోడి.’ కీలో గబ్బిలం, ఎందుకంటే అది పక్షి కాదు. చాలామంది పిల్లలు కోడి అని రాశారు. ఒక బాబు కారణం కూడా రాశాడు: ‘మిగతావి ఎవరూ పెంచరు.’ అందులో ఏం తప్పు? దేన్నిబట్టి భిన్నమో ప్రశ్నలో ఉందా? ఆ ఒక్క మార్కు కలిపితే మూడో బహుమతి చేతులు మారుతుంది.

నిర్వాహకులు నన్ను గౌరవించి పిలిచారు, వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఆ పేపర్లు మళ్లీ దిద్దకుండా బహుమతులు ఇవ్వవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. శాలువా తర్వాత కప్పవచ్చు. ముందు వరుసలోని టీచర్లు ఇద్దరు నాతో పక్క గదికి రండి, అరగంటలో అయిపోతుంది. ఈలోగా పిల్లల చేత పాటలు పాడించండి.