తల ఎత్తమని సిస్టర్ ఎందుకు అడుగుతుంది?

యాంకర్: నమస్కారం. హన్మకొండ స్టూడియో నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. ఇవాళ నర్సుల గురించి మాట్లాడుకుందాం. సూది వేసేది, సెలైన్ ఎక్కించేది సిస్టర్ అని అందరికీ తెలుసు. ఆమె ఇంకా ఏమేం చేస్తుంది, ఆమెను మనం ఏం అడగొచ్చు? ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలా ఏళ్లు పనిచేసి, నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరైన మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, నమస్కారం. అప్పుడే లైన్‌లో నర్సంపేట వైపు నుంచి ఒకరు ఉన్నారు.

కాలర్ (నర్సంపేట): నమస్తే మేడమ్. మా తమ్ముడు పత్తి చేనుకు మందు కొడుతూ కొడుతూ పడిపోయాడు. నోట్లోంచి నురగ వచ్చింది. ఆసుపత్రిలో వారం రోజులు ఉంచారు. ఇప్పుడు ఇంటికాడ మంచిగనే ఉన్నాడు. కానీ మనసులో ఒక బాధ ఉండిపోయింది, చెప్పమంటారా?

మేడమ్: చెప్పు బిడ్డా, ఏం మొహమాటం వద్దు.

కాలర్: పోగానే సిస్టర్ మమ్మల్ని జరగండి జరగండి అని అరిచింది. మావాడి బట్టలన్నీ తీసేసి సబ్బుతో కడిగారు. రెండో రోజు చేతులు మంచానికి కట్టేశారు. ఇక రాత్రంతా నిద్ర పోనిచ్చేది లేదు. వచ్చి లేపుడు, టార్చి వేసి కళ్లు చూసుడు, తల ఎత్తు తల ఎత్తు అనుడు. మా అమ్మ ఒకటే ఏడుపు. పేదోళ్లమని అట్ల చేశారా మేడమ్?

మేడమ్: ఒక్కొక్కటి చెప్తాను, మీ అమ్మను కూడా దగ్గర కూర్చోబెట్టుకుని విను. పురుగుల మందు నోట్లోంచే కాదు, చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. తడిసిన చొక్కా ఒంటి మీద ఉన్నంతసేపూ విషం ఎక్కుతూనే ఉంటుంది. అందుకే ముందు బట్టలు తీసి, తల వెంట్రుకల నుంచి గోళ్ల దాకా సబ్బుతో కడుగుతారు. మిమ్మల్ని జరగమన్నది కూడా అందుకే. ఆ బట్టలు ముట్టుకుంటే మీకూ అంటుతుంది. పరదా వేయకుండా కడిగి ఉంటే మాత్రం అది తప్పే. ఎంత తొందరలో ఉన్నా మనిషి మర్యాద కాపాడాల్సింది నర్సే.

కాలర్: మరి చేతులు కట్టుడు?

మేడమ్: ఆ విషానికి అట్రోపిన్ అనే ఇంజక్షన్ ఇస్తారు. మొదట్లో కొన్ని నిమిషాలకోసారి డోసు పెంచుకుంటూ పోతారు. నర్సు ప్రతిసారీ నాడి చూస్తుంది, ఛాతీలో గురగుర తగ్గిందా వింటుంది, టార్చి వేసి కనుపాప చూస్తుంది. విషం వల్ల సూదిమొనంత అయిన కనుపాప మందు పనిచేస్తే పెద్దదవుతుంది. మందు ఎక్కువైతే నోరు ఎండిపోతుంది, ఒళ్లు కాలుతుంది, మనిషి తికమకపడతాడు. గాలిలో దారాలు లాగుతున్నట్టు చేతులు ఆడిస్తాడు. మీవాడు అట్ల చేశాడా?

కాలర్: చేశాడు మేడమ్. ముక్కుకున్న పైపు పీకేశాడు. దయ్యం పట్టిందన్నారు మావాళ్లు.

మేడమ్: దయ్యం కాదు, అది మందు ప్రభావం. ఆ తికమకలో సెలైన్ సూది, శ్వాస పైపు లాగేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకు కడతారు. దానికీ పద్ధతి ఉంది. డాక్టర్ కేస్ షీట్‌లో రాయాలి, మెత్తటి గుడ్డతో కట్టాలి, వేళ్లు చల్లబడ్డాయా నీలంగా అయ్యాయా అని మాటిమాటికీ చూడాలి. ఇంకొకటి, కట్టే ముందు మీ అమ్మకు ఎందుకో చెప్పాలి. చెప్పడం కూడా నర్సు ఉద్యోగంలో భాగమే. చెప్పలేదంటే అది లోపమే, నేను వెనకేసుకురాను.

ఇప్పుడు తల ఎత్తమనడం సంగతి. ఈ విషం తాకిన మనిషి మర్నాటికి తేరుకున్నట్టే కనిపిస్తాడు. మాట్లాడతాడు, ఇంటికి పోదామంటాడు. కొందరిలో మాత్రం ఒకటో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మెడ కండరాలు పట్టు తప్పుతాయి, ఆ వెనకే ఊపిరి తీసే కండరాలు. దానికి ముందు కనిపించే గుర్తేమిటంటే, దిండు మీంచి తల ఎత్తలేకపోవడం. రౌండ్స్‌కు వచ్చే డాక్టర్ రాత్రి రెండు గంటలకు ఆ మంచం దగ్గర ఉండరు. ఉండేది సిస్టర్. తల లేవలేదంటే ఆమె వెంటనే డ్యూటీ డాక్టర్‌ను పిలుస్తుంది, వెంటిలేటర్ సిద్ధం చేయిస్తుంది. మీ తమ్ముడిని నిద్ర పోనివ్వని ఆ సిస్టర్ రాత్రంతా అతని ఊపిరికి కాపలా కాసిందయ్యా.

కాలర్: (కాసేపు ఆగి) ఈ ముచ్చట మాకెవ్వరూ చెప్పలేదు మేడమ్.

మేడమ్: చెప్పాల్సింది. ఇంకో మాట, అప్పుడే వదిలేయకండి. రెండు మూడు వారాల్లో కాళ్లు చేతులు తిమ్మిరెక్కినా, నడక తడబడినా మళ్లీ తీసుకుపోండి. వినేవాళ్లందరికీ చెప్తున్నా, ఇట్లాంటిది జరిగితే పాలు, ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కు ఫోన్ చేయండి. పురుగుల మందు డబ్బా కవర్‌లో పెట్టి తీసుకుపోయి సిస్టర్ చేతికివ్వండి.

యాంకర్: పరకాల నుంచి ఒక అక్క ఉన్నారు. చెప్పండి అక్కా.

కాలర్ (పరకాల): నమస్తే మేడమ్. మా అత్తమ్మకు షుగర్ ఉంది, మొన్న పక్షవాతం వచ్చింది. రేపు డిశ్చార్జి అంటున్నారు. ఇన్సులిన్ ఇంటికాడ నేనే ఇవ్వాలట. సిస్టర్ ఒకసారి చూపించింది కానీ టెన్షన్‌లో ఏం గుర్తులేదు. మళ్లీ అడిగితే ఏమనుకుంటదో అని...

మేడమ్: అడగమ్మా, నేర్పడం ఆమె పని. ఆమె చేస్తుంటే చూడటం కాదు, ఆమె ముందు నువ్వు చేసి చూపించు. సరిగా ఉందా అని అడుగు. సీసా మీద 40 అని ఉందా, 100 అని ఉందా చూసుకో, సిరంజి కూడా అదే అంకెది ఉండాలి. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి వస్తుంది. 100 సీసాలోని మందును 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ పోతుంది, షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. తినకుండా ఇన్సులిన్ ఇవ్వొద్దు. చెమటలు, వణుకు వస్తే ఏం చేయాలో ఆమెతోనే కాగితం మీద రాయించుకో. అత్తమ్మ తనంతట తాను కదలగలుగుతుందా?

కాలర్: లేదు మేడమ్, మేమే తిప్పాలి.

మేడమ్: రెండు గంటలకోసారి పక్క మార్చండి. తిప్పినప్పుడల్లా నడుము కింద, మడమల దగ్గర చూడు. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కితే తెల్లబడాలి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టు. అక్కడ రుద్దొద్దు, బరువు పడనివ్వొద్దు. మీ సబ్‌సెంటర్ ఏఎన్ఎంకు ఫోన్ చేసి ఇంటికి పిలువు. ఆమె అంటే పిల్లల టీకాలే అనుకుంటాం, బీపీ, షుగర్ కూడా చూస్తుంది.

యాంకర్: ఈ కాల్ దుబాయ్ నుంచి. ఫోన్ చేసిన అన్నది జగిత్యాల దగ్గర ఊరట.

కాలర్: నమస్తే మేడమ్. మా బిడ్డ ఇంటర్ బైపీసీ అయిపోయింది. నర్సింగ్ చేస్తానంటుంది. చుట్టాలేమో వద్దంటున్నారు. నైట్ డ్యూటీలు, రేపు సంబంధాలు రావంటున్నారు. నాకేమో ఇక్కడ మన దేశం నర్సులను చూస్తే గౌరవంగనే ఉంది.

మేడమ్: అయితే మీ కళ్లను నమ్మండి అన్నా. ఆపరేషన్ థియేటర్‌లో కడుపు మూసే ముందు నర్సు గాజుగుడ్డలు, సూదులు, కత్తెరలు లెక్కపెడుతుంది. లెక్క కుదరకపోతే, సర్జన్ ఎంత పెద్దవాడైనా, ఆగండి సార్ అంటుంది. ఆయన ఆగాలి. మేడారం జాతర క్యాంపులో ఒకేసారి ఇరవై మంది వచ్చి మీద పడితే, ఎవరిని ముందు లోపలికి పంపాలో గడపలోనే తేల్చేది నర్సే. కాన్పులు చేసే మిడ్‌వైఫ్ శిక్షణ మన రాష్ట్రంలో 2017లో మొదలైంది. కాలేజీలో పాఠం చెప్పొచ్చు, ఇన్ఫెక్షన్లు పాకకుండా చూసే నర్సుగా ఆసుపత్రి మొత్తాన్ని తనిఖీ చేయొచ్చు.

బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ నాలుగేళ్లు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు. వీలైతే బీఎస్సీ చదివించండి. చేర్చే ముందు కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందా, పిల్లలను నిజమైన ఆసుపత్రికి పంపుతారా కనుక్కోండి. బయటి దేశాలకు పోవాలంటే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, ఏజెంట్ల చేతిలో డబ్బులు పోయొద్దు, ఆ బాధ మీ వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నైట్ డ్యూటీ భయం మాత్రం నిజమే. ఉద్యోగంలో చేరేటప్పుడు హాస్టల్, బస్సు సంగతి గట్టిగా అడగమనండి.

యాంకర్: చివరి కాల్, హన్మకొండ నుంచి ఒక స్టాఫ్ నర్స్.

కాలర్: మేడమ్, నేను క్యాన్సర్ వార్డులో చేస్తాను. ఒక పెద్దాయనకు జబ్బు ముదిరింది. కొడుకు ఏమో నాన్నకు చెప్పొద్దు సిస్టర్ అని చేతులు పట్టుకున్నాడు. ఆయన రాత్రి నన్ను అడిగాడు, నాకేమైంది బిడ్డా, నిజం చెప్పు అని. నేనేం చెప్పాలి?

మేడమ్: జబ్బు పేరు చెప్పాల్సింది డాక్టర్. అట్లని ఏం లేదు తాతా, తగ్గిపోతుంది అని అబద్ధం చెప్పకు, ఒకసారి నమ్మకం పోతే నొప్పి కూడా నీకు చెప్పడు. స్టూలు లాక్కుని కూర్చో. మీకేమనిపిస్తుంది తాతా అని అడుగు. చాలాసార్లు వాళ్లకు తెలిసే ఉంటుంది. ఒక్కోసారి అడిగేది జబ్బు గురించి కాదమ్మా, బిడ్డ పెళ్లి దాకా ఉంటానా అని, పొలం ఎవరి పేరు మీద రాయాలి అని. ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే నర్సెస్ నోట్స్‌లో రాయి. పొద్దున కొడుకును పక్కకు పిలిచి చెప్పు, నాన్న అడుగుతున్నాడు, ఒంటరిగా మథనపడుతున్నాడు అని. డాక్టర్, కొడుకు, నువ్వు, ముగ్గురూ కూర్చోండి. నీ డ్యూటీ అయిపోతే తర్వాతి సిస్టర్‌కు ఈ సంగతి అప్పజెప్పకుండా ఇంటికి పోకు.

కాలర్: సరే మేడమ్. ఇవాళ నాకు నైట్ డ్యూటీనే.

యాంకర్: లైన్‌లో ఇంకా చాలామంది ఉన్నారు, సమయం అయిపోయింది. వచ్చే వారం ఇదే సమయానికి మళ్లీ ఫోన్ చేయండి. మేడమ్, చాలా థ్యాంక్స్. నమస్కారం.