కళ్లు పచ్చబడ్డప్పుడు

సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

కొంతకాలం క్రితం అంబాజీపేట వైపు నుంచి ఒక కొబ్బరి దింపు కార్మికుడిని అతని భార్య నా దగ్గరకు తీసుకొచ్చింది. పంచె మీద మూత్రపు మరక పసుపుగా పడుతూ, ఎంత ఉతికినా పోకపోవడం ముందుగా గమనించింది ఆమే. ఇంట్లోవాళ్లు పరగడుపున పసరు పోయించి, పత్యం పేరుతో ఉప్పూ నూనే మాన్పించారు. మూడు వారాలకు కామెర్లు తగ్గకపోగా ఒళ్లంతా దురద, సుద్దలాంటి తెల్లని విరేచనం, ఆపైన వణికించే చలిజ్వరం వచ్చాయి. స్కానింగ్ తీస్తే, పిత్తాశయం, అంటే కాలేయం కింద పైత్యరసాన్ని నిల్వ ఉంచే సంచి (గాల్ బ్లాడర్), దాని నుంచి జారిన రాయి ఆ రసం పేగులోకి పోయే నాళంలో ఇరుక్కుని, నాళమంతా చీము పట్టి ఉంది. ఎండోస్కోపీతో రాయి తీశాం, మనిషి దక్కాడు. కానీ ఆ మూడు వారాలు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ అనే వైరస్‌ల వల్ల కాలేయం వాచి వచ్చే కామెర్లు చాలామందిలో కొద్ది వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, ఆ పుణ్యం పసరు ఖాతాలో పడుతుంది. అయితే నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు. కాలువ నీళ్లతో చెరువులు నింపుకునే మన ఊళ్లలో నీళ్లు మరిగించి తాగమని పదేపదే చెప్పేది అందుకే.

పెళ్లి భోజనం చేసిన రాత్రి కుడి డొక్క పైభాగంలో మొదలై కుడి భుజం దాకా పాకే నొప్పిని గ్యాస్ అనుకుని సోడాతో సరిపెట్టకండి, అది పిత్తాశయంలో రాళ్ల నొప్పి కావచ్చు. స్కానింగ్‌లో అనుకోకుండా కనిపించి, ఏ బాధా పెట్టని రాయికి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పి తెప్పించిన రాయి ఉంటే మాత్రం పిత్తాశయం తీయించుకోవడమే మేలు. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో గనుక ఆ సంచి లేకపోయినా తిన్నది అరుగుతుంది.

ఆ రాళ్ల వల్ల గానీ, మద్యం వల్ల గానీ క్లోమం (పొట్ట వెనక ఉండే పాంక్రియాస్ గ్రంథి) వాస్తే, పొట్ట పైభాగంలో పుట్టిన నొప్పి వీపులోకి దూసుకుపోతుంది, వాంతులు ఆగవు, ముందుకు వంగి కూర్చుంటే కాస్త ఊరటగా ఉంటుంది. ఇటువంటి నొప్పితోపాటు రక్తంలో లైపేజ్ (క్లోమంలో తయారయ్యే, కొవ్వును అరిగించే ఎంజైమ్) మామూలు గరిష్ఠ స్థాయికి 3 రెట్లు దాటితే రోగం నిర్ధారణ అయినట్టే. మొదటి 24 గంటల్లో సెలైన్ అందడం చాలా ముఖ్యం గనుక తెల్లవారేదాకా ఆగకండి.

యాభై దాటినవారికి నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, బరువు తగ్గుతుంటే క్లోమంలో గడ్డ ఉందేమో చూడాలి.

పసరు తాగి ఉంటే దాచకండి. కొన్ని ఆకుమందులే కాలేయాన్ని దెబ్బతీస్తాయి గనుక ఏ ఆకు, ఎన్నాళ్లు వాడారో మాకు తెలియాలి. చెప్పినందుకు మిమ్మల్ని ఎవరూ కోప్పడరు.